ముక్కు మూసిన పరీక్ష

1926 నవంబరులో నన్ను అనంతగిరికి పైన కొండల్లో ఉన్న ఒక గ్రాఫైటు గనికి లేడీ డాక్టరుగా వేశారు. విశాఖపట్నంలో ఎల్.ఎం.పి. పరీక్ష ప్యాసై అప్పటికి ఏడాదిన్నర అయింది. గ్రాఫైటు అంటే పెన్సిల్లో ఉండే నల్లటి సరుకు. అక్కడ కొండను తవ్వి రాయి తీసి, మిల్లులో పొడి కొట్టి, జల్లెడ పట్టి, గోనెసంచుల్లో నింపి ఎడ్లబళ్ల మీద విజయనగరం రైలుస్టేషనుకు దింపేవారు. ఆ పొడిని అక్కడివారు గుండ అంటారు. గుండ పడనిది ఆ గనిలో ఏదీ లేదు. నేను ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది.

వైద్యానికి ఇద్దరం ఉండేవాళ్లం. వెంకటరత్నం గారు మెడికల్ ఆఫీసరు, ఆయన కింద నేను. ఆయనా నేనూ ఒకే ఏడు, ఒకే గదిలో పరీక్ష రాశాం. శరీరధర్మశాస్త్రంలో నాకు మొదటి స్థానం వచ్చింది, ఆయనకు మూడోది. అయినా మగ పనివాళ్ల సర్టిఫికెట్ల మీద ఆడదాని సంతకం ఉండడం గని వారికి ఇష్టం లేకపోయింది. ఆడ కూలీలూ పసిపిల్లలూ కాన్పులూ నా వంతు అయ్యాయి, సంతకం ఆయన వంతు అయింది. నాకు ఆయన మీద ఈర్ష్య ఉండేది. దానికి నేను వేరే పేరేదీ పెట్టుకోలేదు.

ఆయన సంతకాల్లో అన్నిటికంటే విలువైనది ముసుగు సర్టిఫికెట్టు. మిల్లులో పొడి కొట్టే గదిలో పనిచేసేవాళ్లకు గని వారు ముసుగులు తెప్పించారు. పెద్ద యుద్ధంలో విషవాయువుల కోసం చేసి, యుద్ధం అయ్యాక మిగిలిపోయినవి అవి. ముఖానికి రబ్బరు తొడుగు, దాని కింద రబ్బరు గొట్టం, గొట్టం చివర దూది, బొగ్గు కూరిన రేకుడబ్బా ఉండేవి. తొడుగు లోపల ముక్కును గట్టిగా నొక్కిపట్టే క్లిప్పు ఒకటీ, పళ్లతో పట్టుకునే మూతిగొట్టం ఒకటీ ఉంటాయి. అది పెట్టుకున్న మనిషి నోటితో తప్ప ఊపిరి తీసుకోలేడు. అదైనా దూదిలోంచి లాగి తీసుకోవాలి గనక మామూలుకంటే శ్రమ ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు సరిగా లేని మనిషికి ముసుగు పెట్టి బరువుపని చేయిస్తే గదిలోనే కూలిపోవచ్చు. అందుకే ముందు వైద్య పరీక్ష.

కొండవాళ్లు మొదట్లో దాన్ని పందిమూతి అని నవ్వేవారు. ముసుగు వేసుకునేవాడికి ఏటా ఒక ఎర్ర కంబళి ఇస్తారని తెలిశాక నవ్వు ఆగింది. ఆ కొండల్లో చలికాలం కంబళి ఉన్నవాడు వేరు, లేనివాడు వేరు. ఎర్ర కంబళి భుజాన వేసుకుని వారపు సంతలో నడిచేవాడిని జనం తిరిగి చూసేవారు. ముసుగులు పన్నెండు. అడిగేవాళ్లు అంతకు నాలుగింతలు.

పరీక్ష ఇలా ఉండేది. స్టెతస్కోపుతో ఛాతీ వినడం. మెట్లు ఎక్కించి దించి నాడి చూడడం. గెడ్డం ఉంటే గీయించడం, ఎందుకంటే వెంట్రుకల మీద రబ్బరు సరిగా అంటదు. ముసుగు పెట్టించి, ఎండుమిరపకాయలు కాల్చిన గదిలో నిలబెట్టడం, దగ్గితే ముసుగు ఎక్కడో కారుతున్నట్టు లెక్క. అన్నిటికంటే ముఖ్యమైనది పాదరసం గొట్టం. ఇంగ్లిషు యు అక్షరంలా వంచిన గాజుగొట్టంలో పాదరసం ఉంటుంది. మనిషి ఒక కొస నుంచి ఊది, రెండు వైపుల మట్టానికీ నలభై మిల్లీమీటర్ల తేడా వచ్చేలా పైకెత్తి, డాక్టరు వాచీ చూసి చాలు అనేదాకా దాన్ని అక్కడే నిలబెట్టాలి. ఊపిరితిత్తుల బలం అందులో తేలుతుందని నమ్మకం. ఆ గొట్టాన్ని వెంకటరత్నం గారు మద్రాసు నుంచి స్వయంగా తెచ్చుకున్నారు. దాని మీద మఖ్మలు గుడ్డ కప్పి ఉంచేవారు. ఒకసారి నేను చేయి వేయబోతే, "పాదరసం, జాగ్రత్తండీ" అన్నారు. ఆ గది దాటి వచ్చాక కూడా ఆ 'అండీ' నా చెవిలోనే ఉంది.

ఆ పరీక్షలో అందరికంటే గొప్పగా నెగ్గినవాడు సొంబ్రు. గనికి కిందనున్న పల్లె అతనిది. అక్కడ ధింసా ఆటకు మోరి ఊదేవాడు అతనే. మోరి సన్నాయిలాంటి వాద్యం. సొంబ్రు ఊదితే పాదరసం గీత దగ్గర మేకు కొట్టినట్టు నిలబడేది. వెంకటరత్నం గారు వాచీ మూసి, "చాలురా, నన్ను ఇంటికి పోనియ్యవా" అనేవారు. మేనేజరు దొర వస్తే సొంబ్రు చేత ఊదించి చూపించేవారు. సొంబ్రు స్నేహితులు ముగ్గురు కూడా అంతే బాగా ఊది ముసుగులు సంపాదించారు. సొంబ్రుకు వరసకు తమ్ముడు సుక్రు మాత్రం రెండుసార్లు తప్పాడు. మోరి దగ్గర కూడా సుక్రుది రెండో స్థానమే. సొంబ్రు ఊదుతుంటే వెనక నిలబడి శ్రుతి పట్టేవాడు.

మాఘమాసంలో ఒక పొద్దున సుక్రు తన పసిబిడ్డకు మందు కోసమని నా గదికి వచ్చాడు. మందు తీసుకున్నాక వెళ్లలేదు.

"డాట్రమ్మా, ఒక మాట సెప్తాను, కోపం సేసుకోకండి. సొంబ్రు అన్నియ్య ఊదనేదు."

ఊదకపోతే పాదరసం ఎలా లేచిందని అడిగాను.

"బుగ్గల్తో తోసినాడమ్మా. బుగ్గల్నిండా గాలి నొక్కి తోస్తా, ముక్కుతో బేగి బేగి పీల్సుకున్నాడు. మోరి అలాగే ఊదుతారు. అందుకే పాట ఎక్కడా తెగదు. ఛాతీతో పనేటుంది దానికి?"

"మరి ఆ విద్య నీకు రాదా?"

"నాకు నేర్పనేదు! ఆ ముగ్గురికీ నేర్పినాడు, డాట్రు గొట్టం కాడ నెగ్గుతారని. నాకు నేర్పితే ఎనకనుండి ముందుకొచ్చెత్తానని బెంగ."

"అయితే ఇది కడుపుమంటతో చెబుతున్న మాటే కదా?"

"కడుపుమంటేనమ్మా. అబద్ధం మాత్రం కాదు."

అతను వెళ్లాక నేను నా చేతి అద్దం ముందు పెట్టుకుని, గ్లాసులో నీళ్లు పోసి, సన్నటి గాజుపుల్లతో ఊది చూశాను. బుగ్గల్లో గాలి నిలబెట్టి ముక్కుతో పీల్చడం నాకు చేతకాలేదు. కానీ చేతనైనవాడికి అది సాధ్యమని శరీరధర్మం ప్రకారం తెలుస్తూనే ఉంది. నాలుక వెనుక భాగం అంగిలికి అంటుకుంటే నోరు వేరు, గొంతు వేరు. అప్పుడు గొట్టం కొలిచేది బుగ్గల కండరాలనే. ఊపిరితిత్తులు మామూలుగా ముక్కుతో తమ పని తాము చూసుకుంటాయి. అసలు ముసుగు ముక్కును మూస్తుంది, పరీక్ష ముక్కును తెరిచి ఉంచుతోంది. ఇంత చిన్న సంగతి మూడో స్థానం వచ్చినవారికి తట్టలేదు. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

మరునాడు వెంకటరత్నం గారికి చెప్పాను. ముక్కు మూసి ఆ నలుగురికీ మళ్లీ పరీక్ష పెట్టమన్నాను. ఆయన నవ్వారు.

"సుక్రుగాడి ఏడుపు మీరు మోసుకొచ్చారా? వాడికి సొంబ్రు మోరి మీద కన్ను. మీకేమో..." అని ఆపి, గొట్టం మీద గుడ్డ సర్దారు.

మగ పనివాళ్లను పరీక్షించే అధికారం నాకు లేదు. ఆడవాళ్లను పరీక్షించవద్దని మాత్రం ఎవరూ అనలేదు. పొడి కొట్టే గది పక్కనే జల్లెడ షెడ్డు ఉంది. అందులో పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే. అక్కడ గుండ ఏమంత తక్కువ కాదు. వాళ్లకు ముసుగుల్లేవు, కంబళ్లు లేవు, పైటచెంగు మూతికి కట్టుకునేవారు. వాళ్లకూ ముసుగులు కావాలని నేను రెండుసార్లు అడిగితే, ఆడవాళ్ల ఊపిరికి ఆ బరువు ఆగదని జవాబు వచ్చింది. ఆగుతుందో లేదో కొలిచి చూద్దామనుకున్నాను.

నాకు పాదరసం లేదు. నీళ్లున్నాయి. పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు. కాబట్టి నలభై మిల్లీమీటర్ల పాదరసానికి బదులు నీళ్లు అయిదువందల నలభై నాలుగు మిల్లీమీటర్లు, అంటే ఇరవై ఒక్క అంగుళాల పైచిలుకు తేడా చూపాలి. రెండు పొడుగాటి గాజుగొట్టాలను రబ్బరు గొట్టంతో కింద కలిపి, పలకకు కట్టి, నీళ్లలో కొంచెం పర్మాంగనేటు కలిపి ఎర్రగా చేశాను. అది గోడకు ఆనించి నిలబెడితే చూడ్డానికి బాగుండేది. ఆయన గొట్టంలో పాదరసం ఒక వైపు ముప్పావు అంగుళం లేస్తుంది. నా గొట్టంలో నీళ్లు ఒక వైపు పదిన్నర అంగుళాలు దాటి లేస్తాయి. బలం రెండింటికీ ఒకటే.

జల్లెడ షెడ్డు ఆడవాళ్లు వరండాలో వరసగా కూర్చున్నారు. ముందు లేచింది బుద్రి. ఈమె సొంబ్రు భార్య. ముక్కు మూయాలన్నాను. ముక్కుకు మూడు ముక్కెరలు ఉన్నాయి, క్లిప్పు పట్టదు. పక్కనున్న చిలక అనే ఆమెను వేళ్లతో పట్టుకోమన్నాను.

"ఏటే, పట్టుకోమంటే పీకేత్తన్నావు!"

"మూడు ముక్కెర్లేసుకుని కూకుంటే నానెక్కడ పట్టుకోనే? మొగుడు ముద్దెలాగెట్టుకుంటాడో ఏటో!"

నవ్వులు ఆగేదాకా నేను వాచీ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ తరవాత బుద్రి ఊదింది. ఎర్రనీళ్లు గీతకు లేచి, వణికి, అక్కడే నిలిచాయి. ఆమె ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, గొట్టం మాత్రం వదల్లేదు. నేను చాలు అన్నాక ఇంకొంచెం సేపు ఊది, అప్పుడు వదిలింది. ఆ పూట చాలామంది నెగ్గారు. కొందరు తప్పారు. ఇద్దరి ఛాతీలో నాకు నచ్చని చప్పుడు వినిపించింది, వాళ్లను జల్లెడ నుంచి మాన్పించాను.

తరవాతి సంతరోజు జరిగింది నేను చూడలేదు, చిలక వచ్చి చెప్పింది. ఎర్ర కంబళి వేసుకుని సొంబ్రు, అతని స్నేహితులు ఉప్పు కొట్టు దగ్గర నిలబడి ఉంటే బుద్రి అందరికీ వినబడేలా అందట:

"మీ గొట్టంలో బొటనేలంత లెగిసింది, మా గొట్టంలో జానెడు దాటింది! అదీ ముక్కు మూసుకుని! ఇంక కంబళ్లు ఎవరు కప్పుకోవాల?"

జల్లెడ షెడ్డు ఆడవాళ్లంతా ఆ మాట అందుకున్నారు. ధింసాలో ఆడా మగా ఒకరినొకరు పాటలో దెప్పుకోవడం అక్కడ మామూలే. ఈ మాటకు ఆ సాయంత్రమే ఒక వరస కట్టారు. మైదానం నుంచి వచ్చిన ఉప్పు కొట్టు కోమటి కూడా తరాజు పట్టుకుని దాన్ని కూనిరాగం తీశాడని చిలక చెప్పింది.

రెండోరోజు ముసుగుపనివాళ్లు పన్నెండుమందీ నా వరండాకు వచ్చారు. ముందు సొంబ్రు ఉన్నాడు.

"డాట్రమ్మా, పెద్ద గొట్టం ఆడోళ్లకెట్టి, సిన్న గొట్టం మాకెట్టినారేటి? మాకు బలం నేదనుకున్నారా? మా డాట్రుబాబుకి పెద్దది తేవడానికి సేతకానేదా?"

రెండు గొట్టాల బలం ఒకటేనని, నలభైని పదమూడు పాయింటు ఆరుతో గుణిస్తే తేలిపోతుందని నేను అతనికి చెప్పి ఉండవచ్చు. అతను లెక్క అడగలేదు, గొట్టం అడిగాడు. మెడికల్ ఆఫీసరు గారి అనుమతి ఉంటే పెడతానన్నాను. వాళ్లు పన్నెండుమందీ ఆయన గుమ్మం ముందుకు పోయి నిలబడ్డారు. ఆయన వాళ్లతో కలిసే వచ్చారు. నా ఎర్ర గొట్టాన్ని కింది నుంచి పైదాకా చూశారు. ఆయన చూపు నాకు కొత్తది కాదు, నేను రోజూ ఆయన బల్లవైపు చూసే చూపే అది.

"ఎత్తు ఎక్కువైనంత మాత్రాన పరీక్ష పెద్దదైపోదు" అన్నారు.

"లెక్క ఒకటే. తేడా అంతా ముక్కు దగ్గరే" అన్నాను.

ఒక చినిగిన ముసుగులోంచి క్లిప్పు తీసి సిద్ధంగా పెట్టాను. ఎనిమిదిమంది ఊదారు, ఎనిమిదిమందీ నెగ్గారు. సొంబ్రు స్నేహితులు ముగ్గురూ వరసగా తప్పారు. అప్పుడు సొంబ్రు వచ్చాడు. వరండా కింద జల్లెడ షెడ్డు వాళ్లంతా ఉన్నారు, బుద్రి ఉంది, వెనకాల సుక్రు ఉన్నాడు. క్లిప్పు చూడగానే సొంబ్రుకు సంగతి అర్థమైంది. కానీ అంతమంది ముందు, అందులోనూ పెళ్లాం ముందు, వెనక్కి తగ్గడం ఎలా? క్లిప్పు తానే పెట్టుకున్నాడు.

నీళ్లు గీతను అందుకున్నాయి. బుగ్గలు ఉబ్బాయి. మూసిన ముక్కు రంధ్రాలు గాలి కోసం కదిలి కదిలి ఆగిపోయాయి. నీళ్లు గబగబా దిగాయి. అతను క్లిప్పు ఊడదీసి వరండా స్తంభం పట్టుకుని దగ్గాడు. ఎవరూ నవ్వలేదు. బుద్రి కూడా నవ్వలేదు. సుక్రు మాత్రం అతని ముఖం మీంచి కన్ను తీయలేదు.

"ముక్కు మూసేత్తే మనిసెలాగ ఊదుతాడు డాట్రమ్మా?" అన్నాడు ఊపిరి అందాక. "దేముడు రెండు కన్నాలు ఎందుకిచ్చినాడు?"

ముసుగులో కూడా ముక్కు మూసే ఉంటుంది కదా, అక్కడ ఎలా పనిచేస్తున్నావని అడిగాను. జవాబు బుద్రి చెప్పింది.

"క్లిప్పు ఒగ్గేత్తాడమ్మా. పక్క పట్టీ వదులు సేసుకుని ముక్కుతో పీల్సుకుంటాడు. ఏడాదై అంతే. ఇంటికొచ్చి దగ్గుతాడు. ఎవురికీ సెప్పొద్దన్నాడు. కంబళి పోద్దని."

వెంకటరత్నం గారు స్టెతస్కోపు తీసి సొంబ్రు వీపు విన్నారు. తరవాత దాన్ని నాకు అందించారు. అలా అందించడం అదే మొదటిసారి. కుడివైపు అడుగుభాగంలో గాలి చొరబడుతున్న చప్పుడు దాదాపు లేదు. ఆ గదిలో ఇంకో ఏడాది ఉంటే, చెమటతో పట్టీ బిగుసుకున్న ఏదో ఒక రోజు అతను సంచి ఎత్తబోయి లేవడు. ఈ సంగతిలో మాకిద్దరికీ అభిప్రాయభేదం రాలేదు.

నాలుగు ముసుగులు ఖాళీ అయ్యాయి. ఒకటి సుక్రుకు వచ్చింది. ముక్కు మూసి ఊదితే అతను సులువుగా నెగ్గాడు. పాత పరీక్షలో అతను తప్పిన కారణం కూడా అప్పుడే తేలింది. ముక్కు తెరిచి ఉంటే నోటితో ఊదే గాలి సగం ముక్కులోంచి జారిపోయేది. అంటే ఆ పరీక్ష మోసగాణ్ణి నెగ్గించడమే కాక, నిజాయితీపరుణ్ణి తప్పించింది కూడా.

మిగిలిన మూడింటి కోసం బుద్రి వచ్చింది. గోడకు ఊరికే వేలాడే పందిమూతులు మాకివ్వండి అంది. ఆడవాళ్ల ముఖాలు చిన్నవని వెంకటరత్నం గారు అన్నారు. గెడ్డాలు లేవు గనక రబ్బరు బాగా అంటుతుందని నేనన్నాను. మిరపకాయ పొగలో నిలబెట్టి చూద్దామని ఆయన అన్నారు. బుద్రిని, చిలకను, ఇంకొక ఆమెను నిలబెట్టారు. గది బయట నిలబడ్డ ఆయన దగ్గారు గానీ లోపల వాళ్లు దగ్గలేదు. బుద్రికి వచ్చింది సొంబ్రు ముసుగే. పట్టీ రెండు రంధ్రాలు బిగించాం.

సొంబ్రును మిల్లు గుమ్మం బయట సంచులు కుట్టే పనిలో పెట్టారు. క్లిప్పు పట్టడానికి అడ్డమని బుద్రి రోజూ పొద్దున ముక్కెరలు మూడూ తీసేది. లోపల పెట్టుకునే చోటు లేక గుమ్మం దగ్గర అతని చేతిలో పెట్టేది. సాయంత్రం దాకా అతను వాటిని చొక్కా జేబులో ఉంచుకుని సంచులు కుట్టేవాడు. ఒకరోజు నేను అటు పోతుంటే అన్నాడు:

"నా కంబళి అది కప్పుకుంటంది. నా పందిమూతి అది ఏసుకుంటంది. మోరొక్కటీ మిగిలింది డాట్రమ్మా. అదెవురికీ ఇయ్యను."

చైత్రం పండగకు పల్లెలో ధింసా ఆడితే వెళ్లి చూశాను. సొంబ్రు మోరి ఊదాడు. మునుపటంత సేపు ఊదలేకపోయినా పాట తెగలేదు. వెనక సుక్రు ఎర్ర కంబళి భుజాన వేసుకుని శ్రుతి పట్టాడు. కంబళి వచ్చినందుకు అతను సంతోషించినట్టు నాకు కనబడలేదు. పాట సాగినంతసేపూ అన్న బుగ్గల్నే చూస్తూ ఉన్నాడు.

ముసుగు పరీక్షలో ముక్కు మూయాలన్న నిబంధన ఆ వేసవిలో అమలయింది. కాగితం మీద వెంకటరత్నం గారి సంతకం ఉంది, మేనేజరు దొర మెచ్చుకోలు ఆయనకు అందింది. నా గొట్టం కూడా ఆయన గదికే చేరింది, దాని మీద మఖ్మలు గుడ్డ కప్పారు. నేను ఆ గనిలో 1929 దాకా పనిచేశాను. తరవాత వేరే చోట్ల ఎన్నో సర్టిఫికెట్ల మీద నా సంతకం పడింది గానీ ఆ ఒక్క కాగితం మీద పడలేదు. ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

వృత్తిపరంగా అక్కడ నేర్చుకున్నవి రెండు. పనిలో మనిషి ఎలా ఊపిరి తీసుకోవలసి ఉంటుందో పరీక్షలో కూడా అలాగే తీసుకోవాలి. ఇది మొదటిది, ఇప్పుడు అందరికీ తెలుసు. రెండోది, ఈర్ష్యతో వచ్చిన ఫిర్యాదును ఈర్ష్య అని తోసెయ్యకూడదు. ఈర్ష్య పడేవాడు చూసినంత దగ్గరగా ఎదుటివాణ్ణి ఇంకెవరూ చూడరు. సుక్రు సొంబ్రు బుగ్గల్ని అలా చూశాడు. నేను వెంకటరత్నం గారి గొట్టాన్ని అలా చూశాను. లోపం మా ఇద్దరికే కనబడింది.